మూడో పేరు

గత నెల రాజమండ్రి బస్ కాంప్లెక్స్‌లో పార్సిల్ ఆఫీసు ముందు నిలబడి ఉండగా లోపల పాతకాలపు ప్రింటరొకటి మొదలైంది. ఇప్పటి ప్రింటర్లలా గుట్టుగా కాగితం జార్చేది కాదు. సూదులతో కాగితాన్ని పొడుస్తూ, ఆ కొస నుంచి ఈ కొసకి పరుగులు తీస్తూ, కీచుమంటూ ఒక్కో వరసా అచ్చువేసే రకం. రసీదు చేతికి వచ్చాక కూడా నేను అక్కడే నిలబడిపోయాను. వెనకున్నాయన "మీ పనైపోయిందాండి?" అని అడిగాక పక్కకు తప్పుకున్నాను. ఆ చప్పుడు వింటే నాకు దేవదానం మాస్టారు గుర్తుకొస్తారు. ఆయన్ని ఎరగనివాళ్ల కోసం ఆయన గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. పేరు మోసిన మనిషేం కాదు. నాకు సి అనే కంప్యూటర్ భాష నేర్పిన మాస్టారు, అంతే. కానీ ఈ రోజు నేను ఏ పని చేసుకుని బతుకుతున్నానో, ఆ పనిని ఎలా చేయాలనుకుంటానో, రెండూ ఆయన దగ్గరే మొదలయ్యాయి.

తొంభైల చివరి రోజులవి. మాది తాళ్ళపూడి. నేను డిగ్రీలో లెక్కలు చదివాను, తెలుగు మీడియంలో. కంప్యూటర్ నేర్చుకుంటే చాలు ఉద్యోగం వచ్చేస్తుందని అప్పుడు మా వైపు ఎవరింట్లో చూసినా ఒకటే మాట. మా నాన్న నన్ను రాజమండ్రిలో ఒక బట్టల కొట్టు పైన ఉన్న ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించారు. రోజూ పొద్దున్నే బస్సెక్కి, కొవ్వూరు మీదుగా వంతెన దాటి వెళ్ళేదాన్ని. చెప్పులు బయట విడిచి కంప్యూటర్ గదిలోకి వెళ్ళాలి. లోపల చల్లగా, చీకటిగా, ఏదో కొత్త వస్తువుల వాసన వేస్తూ ఉండేది. నాతో చేరినవాళ్లలో చాలామంది ఇంగ్లీషు మీడియం పిల్లలు. వాళ్లు మాట్లాడుకుంటుంటే నేను పుస్తకంలో తల దూర్చి కూర్చునేదాన్ని. మొదటి వారంలోనే మానేద్దామనుకున్నాను.

మాస్టారు అంతకుముందు ఒక మిషన్ బడిలో లెక్కలు చెప్పేవారు. బడి మానేసి, సొంతంగా పుస్తకాలు తెప్పించుకుని సి నేర్చుకున్నారు. సన్నటి మనిషి. మోచేతుల దాకా మడిచిన తెల్లచొక్కా, జేబులో సుద్దముక్క. కోరుకొండ నుంచి వచ్చేవారు. వయసులో తనకంటే ఎంత చిన్నవాళ్లనైనా 'అండి' అనే పిలిచేవారు. ఆడపిల్లలకు మాత్రం ఆ 'అండి' మధ్యమధ్యలో 'అమ్మా'గా మారిపోయేది. పాఠం తెలుగులోనే చెప్పేవారు. "ఈ భాషలో ఉన్న ఇంగ్లీషు మాటలు గట్టిగా లెక్కపెడితే ఒక కిళ్ళీకొట్టు బోర్డు మీద పట్టేస్తాయండి. వాటికోసం భయపడకండి. ఆలోచన మీ భాషలో చేసుకోండి," అన్నారు తొలిరోజే. ఆ మాట నా కోసమే అన్నట్టు అనిపించింది. నాకోసం కాకపోయినా, నేను అలాగే తీసుకున్నాను.

నేను ఆయనతో మొట్టమొదటిసారి నోరు విప్పింది పోట్లాటకే. బోర్డు మీద x = x + 1 అని రాశారు. లెక్కల విద్యార్థిని, ఎలా ఊరుకుంటాను? "సార్, అది తప్పండి. రెండువైపులా x తీసేస్తే సున్నా సమానం ఒకటి అవుతుంది," అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. సుద్ద కింద పెట్టి, "లెక్కల్లో అయితే మీరన్నది అక్షరాలా నిజం," అన్నారు. తర్వాత కింద టీ కొట్టు నుంచి గ్లాసులు తెప్పించారు. ఒకదానిలో మజ్జిగ, ఒకదానిలో మంచినీళ్లు పోయించారు. "ఇక్కడ x అంటే తెలియని సంఖ్య కాదమ్మా. ఒక గ్లాసు. గ్లాసుకి పేరు పెట్టాం. మధ్యలో ఉన్న ఈ గుర్తు సమానం అని చెప్పడం లేదు. కుడివైపు లెక్క తేల్చి, తేలింది ఎడమవైపు గ్లాసులో పొయ్యమంటోంది. x లో ఉన్నదానికి ఒకటి కలిపి, మళ్ళీ x లోనే పొయ్యి. పాతది పోతుంది, కొత్తది ఉంటుంది. సమానమా కాదా అని అడగాలంటే ఆ గుర్తు రెండుసార్లు రాయాలి." ఆ తర్వాత, మజ్జిగ నీళ్ల గ్లాసులోకీ నీళ్లు మజ్జిగ గ్లాసులోకీ మార్చమని మమ్మల్ని అడిగారు. మూడో గ్లాసు లేకుండా కుదరదని మేమే కనుక్కున్నాం. ఆ రోజు బస్సులో వస్తూ కిటికీ పక్కన కూర్చుని చూసిన ప్రతిదానికీ పేర్లు పెట్టుకుంటూ వచ్చాను. ఇన్‌స్టిట్యూట్ మానేయాలన్న ఆలోచన ఎప్పుడు పోయిందో నాకు తెలియదు.

మధ్యాహ్నాలు కరెంటు పోతూ ఉండేది. ఉన్నప్పుడు కూడా కంప్యూటర్లు తక్కువ, మేం ఎక్కువ. అందుకని మాస్టారు మాకు కాగితం మీద ప్రోగ్రాం నడపడం అలవాటు చేశారు. ప్రోగ్రాం ఒక పక్క రాసుకోవాలి. రెండో పక్క గ్లాసులన్నీ గీసుకుని, ఒక్కొక్క వరస చదువుతూ ఏ గ్లాసులో ఏం మారిందో కొట్టేసి రాసుకుంటూ పోవాలి. "ఇప్పుడు మీరే కంప్యూటరు. దయచేసి తెలివి వాడకండి," అనేవారు. ఆ మాటకి మేం నవ్వుకునేవాళ్లం. అది ఎంత కష్టమో చేస్తే గాని తెలియదు. రాసినవాడు ఏమనుకుని ఉంటాడో మనసు ముందే ఊహించేసుకుంటుంది. కాగితం మీద లేనిదాన్ని ఉన్నట్టే చదివేస్తుంది. వరస చివర తప్పకుండా ఉండాల్సిన సెమీకోలన్ గుర్తు లేకపోయినా కళ్లు దాన్ని అక్కడ పెట్టేసుకుంటాయి. ఊహను పక్కన పెట్టి, రాసింది రాసినట్టు చేయడం నేను అక్కడే నేర్చుకున్నాను. మనుషుల మాటలు వినడానికి కూడా అది పనికొస్తుందని చాలా ఏళ్లకు అర్థమైంది.

వానలు మొదలయ్యాక ఒక రోజు, కొన్ని పేర్లనూ మార్కులనూ తీసుకుని ఎక్కువ మార్కుల నుంచి తక్కువ మార్కులకు వరసలో పెట్టి అచ్చువేసే ప్రోగ్రాం బోర్డు మీద రాశారు. తలా మూడు పేర్లు రాసుకుని కాగితం మీద నడపమన్నారు. నేను మా పిన్ని పిల్లల పేర్లు రాసుకున్నాను. పేర్లు చక్కగా వరసలోకి వచ్చాయి. అచ్చువేసే దగ్గరికి వచ్చేసరికి రెండే పేర్లు పడ్డాయి. నేనే ఎక్కడో తెలివి వాడి ఉంటాననుకుని కాగితం తిప్పి మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ రెండే. పక్కనున్న అమ్మాయి కాగితంలో మూడూ పడ్డాయి. అటువైపు కుర్రాడికీ మూడే. చేయి ఎత్తాలా వద్దా అని చాలాసేపు గింజుకున్నాను.

"సార్, నేను ఎక్కడో తప్పు చేశానండి. నాకు మూడో పేరు రావట్లేదు."

ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి కాగితం చూశారు. తర్వాత బోర్డు చూశారు. "చివరి భాగం ఒకసారి పైకి చదవమ్మా," అన్నారు. చదివాను. పేర్లను వరసలో పెట్టేటప్పుడు పక్కపక్కనున్నవాటిని జతలుగా పోలుస్తాం కాబట్టి, ముగ్గురుంటే రెండుసార్లు తిరిగితే చాలు. అచ్చువేసేటప్పుడు మాత్రం ముగ్గురికీ మూడుసార్లు తిరగాలి. బోర్డు మీద మొత్తం పేర్ల సంఖ్యకి n అని పేరు పెట్టారు. పైన వరసలో పెట్టే చోట n - 1 అని ఉంది, కింద అచ్చువేసే చోట కూడా n - 1 అనే ఉంది. మిగతావాళ్లందరూ మాస్టారు మూడు పేర్లూ అచ్చువేయమన్నారు కదా అని మూడూ వేసేశారు. నేను మెచ్చుకుంటారేమోనని చూశాను. ఆయన ముఖం పాలిపోయింది. "నువ్వు తప్పు చేయలేదమ్మా," అని మాత్రం అని, క్లాసు అక్కడితో ఆపేశారు.

అందరూ వెళ్ళాక గొడుగు మర్చిపోయి వెనక్కి వచ్చాను. మాస్టారు ఒక కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నారు. నీలం తెర మీద పసుపు అక్షరాలు. నన్ను చూసి, దాచుకోవాలన్న ఆలోచనే లేకుండా చెప్పారు. ఆ వేసవిలో జంగారెడ్డిగూడెం వైపున్న ఒక ట్రస్టు బడి, అయిదో తరగతి అయిన పేదపిల్లలకు ప్రవేశ పరీక్ష పెట్టింది. మంచి బడి, తిండీ బట్టా హాస్టలూ అన్నీ వాళ్లే చూస్తారు. ఇన్ని మార్కులు దాటిన ప్రతి పిల్లకీ సీటు. ఫలితాలు తీసే పని మా ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చింది, ప్రోగ్రాం మాస్టారు రాశారు. బోర్డు మీద మాకు రాసిపెట్టింది ఆ ప్రోగ్రాంలోని ముక్కే. ఎంపికైన పిల్లల్లో అందరికంటే తక్కువ మార్కులతో గట్టెక్కిన పిల్ల పేరు అచ్చు కాలేదు. ఆయన దిద్ది మళ్ళీ నడిపారు. ప్రింటరు కీచుమంటూ వరసలన్నీ వేసి, అట్టడుగున ఇంకొక్క పేరు వేసింది. మంగ. పట్టిసీమ దాటాక ఒక చిన్న ఊరు.

పక్క గదిలో డైరెక్టరు గారున్నారు. మధ్యలో ఉన్నది పల్చటి చెక్క గోడే, మాటలన్నీ నాకు వినిపించాయి.

"బళ్లు తెరిచి నెల దాటింది మాస్టారూ. ఆ పిల్ల ఈపాటికి వాళ్ల ఊరి బళ్ళో చేరిపోయి ఉంటది. ఇప్పుడు మనం వెళ్ళి చెప్పుకుంటే ఎవరికి లాభం?"

"ఆ పిల్లకండి."

"పోనీ, ఎవరన్నా అడిగినప్పుడు కంప్యూటర్లో ఏదో లోపం వచ్చిందని చెబుదాం."

"దానికి సొంతంగా తప్పు చేయడం రాదండీ. నేను ఏం చెప్పానో అదే చేసింది."

"ట్రస్టువాళ్లు మళ్ళీ మనకి పని ఇస్తారంటారా?"

"ఇవ్వకపోవచ్చండి," అన్నారు మాస్టారు. ఆ 'అండి' ఎప్పటిలాగే మెత్తగా ఉంది.

బయటికి వచ్చి, "పట్టిసీమ మీ వైపే కదమ్మా, నాకు దారి చూపిస్తావా? మీ ఇంట్లో అడిగి చెప్పు," అన్నారు. మా నాన్న ఒప్పుకున్నారు. ఆ మాట మర్నాడు ఇన్‌స్టిట్యూట్‌లో చెప్పాను. ఆ పైరోజు మాస్టారు పోలవరం బస్సులో వచ్చారు, నేను తాళ్ళపూడిలో ఎక్కాను. వాన పడుతోంది. గోదావరి ఎర్రనీళ్లతో గట్టు దాకా వచ్చి ఉంది. మంగ పేరున్న కాగితం జేబులోంచి తీసి చూసుకున్నారు. తర్వాత, "ఆ పాపకి మొదట ఏం చెప్పాలంటావు?" అని అడిగారు.

"పాసయ్యిందని చెప్పాలి కదండీ."

"అది సంతోషం కలిగించే మాట. అది ముందు చెప్పేస్తే, ఆ సంతోషంలో నా తప్పు చిన్నదైపోతుంది. ముందు తప్పే చెప్పాలి," అన్నారు. అప్పుడు నాకు అది అతిగా అనిపించింది.

మంగ వాళ్ల నాన్న పేరు సూరిబాబు, పొలం పనులకు వెళ్తాడు. వాన వల్ల ఇంట్లోనే ఉన్నాడు. రాజమండ్రి నుంచి కంప్యూటర్ మాస్టారు వచ్చారనగానే కంగారుగా మంచం వాల్చాడు. మాస్టారు కూర్చోలేదు. మంగ పేరు ఎత్తగానే సూరిబాబు ముఖం ముడుచుకుంది. "దాని సంగతి ఎందుకులెండి బాబూ. పరీక్ష బాగా రాశాను, తప్పకుండా వస్తుంది అని ఊరంతా చెప్పుకొచ్చింది. మేం కూడా నమ్మేసి అందరితోనూ చెప్పుకున్నాం. తీరా చూస్తే పేరు లేదు. అబద్ధాలాడి మా పరువు తీసిందని నేనే రెండు అంటించానండి. అప్పట్నుంచీ ఇక్కడి బడికి కూడా వెళ్ళనని మొండికేసింది. మేకల వెంట తిరుగుతోంది," అన్నాడు.

మంగ తలుపు చాటున ఉంది. జడలు రేగిపోయి, పరికిణీ అంచు తడిసి, మమ్మల్నే చూస్తోంది. మాస్టారు చూరు కింద తడినేల మీద గొంతుక్కూర్చున్నారు, ఆ పిల్ల కళ్లూ తన కళ్లూ ఒక ఎత్తులో ఉండేలా.

"మంగమ్మా, నా పేరు దేవదానం. మీ పరీక్ష ఫలితాలు తీసింది నేను. నేను చేసిన తప్పు వల్ల నీ పేరు పోయింది. నీ తప్పేమీ లేదు. నువ్వు పాసయ్యావు. నువ్వు మీ నాన్నగారికి చెప్పింది నిజం."

ఆ పిల్ల సీటు గురించి అడగలేదు. తలుపు వదిలి ఒక అడుగు బయటికి వచ్చి వాళ్ల నాన్న వైపు తిరిగి, "నేను చెప్పాను కదా నాన్నా," అంది.

సూరిబాబు తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ పెరట్లోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి తిరిగివచ్చి, కూతురి తల మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ముందు తప్పే చెప్పాలని మాస్టారు ఎందుకన్నారో నాకు అప్పుడు తెలిసింది. ఆ ఇంట్లో పోయింది సీటు ఒక్కటే కాదు. ఒక చిన్నపిల్ల మాటకి ఉన్న విలువ పోయింది. అది ఎవరు పోగొట్టారో వాళ్లే వచ్చి తిరిగి ఇవ్వాలి.

బడిలో చేర్పించడానికి వెళ్ళినప్పుడు నేను లేను. తర్వాత సూరిబాబు బస్సులో కనిపించి చెప్పాడు. హెడ్‌మిస్ట్రెస్ గారు మొదట ఒప్పుకోలేదట. హాస్టల్లో చోటు లేదు, పాఠాలు చాలా అయిపోయాయి అన్నారట. మాస్టారు వాదించలేదట. "మీరు పెట్టిన మార్కులు ఈ పిల్ల దాటిందండి. దాటినవాళ్లందరికీ సీటన్నది మీ మాటే కదండీ," అన్నారట. ఎన్ని అభ్యంతరాలు వచ్చినా అదే మాట, అదే మెత్తదనంతో. మధ్యాహ్నం భోజనం గంట కొట్టేసరికి మంగ కూడా పళ్లెం పట్టుకుని వరసలో నిలబడిందట. పదో తరగతి వరకూ అక్కడే చదివిందని విన్నాను. ఆ తర్వాత ఎక్కడుందో నాకు తెలియదు. తెలుసుకోవాలని చాలాసార్లు అనుకున్నాను.

ట్రస్టువాళ్లు పని వేరేవాళ్లకు ఇచ్చేశారు. దసరా సెలవుల తర్వాత మేం వెళ్ళేసరికి మాస్టారు బల్ల దగ్గర ఇంకొకాయన ఉన్నారు. దేవదానం గారికి ఒంట్లో బాగోలేదని డైరెక్టరు గారు చెప్పారు. నేను కోరుకొండ వెళ్ళి చూస్తే, ఆయన ఆరోగ్యంగా వరండాలో కూర్చుని ఇద్దరు ముగ్గురు పిల్లలకు లెక్కలు చెబుతున్నారు. వెనక కొండ మీద గుడి మెట్లు ఎండలో మెరుస్తున్నాయి. నాకు ఏడుపొచ్చింది. "నేను ఆ రోజు అడక్కుండా ఉంటే మీ ఉద్యోగం ఉండేది కదండీ," అన్నాను.

ఆయన కోప్పడటం నేను చూసింది అప్పుడొక్కసారే. "అడక్కపోతే ఆ పిల్ల జీవితమంతా అబద్ధాలకోరుగా మిగిలిపోయేది. అది నీకు ఇష్టమా? అనుమానం వచ్చి కూడా అడగనివాళ్లు నాకు అక్కర్లేదమ్మా." కాసేపటికి గొంతు తగ్గించి, "పాయింటర్ల పాఠం మిగిలిపోయింది కదూ? శనివారాలు రా," అన్నారు. ఆ శీతాకాలమంతా వెళ్ళాను. అక్కడ కంప్యూటర్ లేదు. పాయింటరు అంటే వస్తువు కాదు, వస్తువు ఉన్న ఇంటి చిరునామా అని చెప్పి, వాళ్ల వీధిలో ఇళ్లన్నీ కాగితం మీద గీయించి నేర్పారు. నేను ఉద్యోగ పరీక్షలో రాసిన ప్రోగ్రాంలన్నీ ఆ వరండాలో కాగితం మీద నడిచినవే.

ఆయన్ని చివరిసారి చూసేనాటికి నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం స్థిరపడి చాలా ఏళ్లయింది. ఆస్పత్రులకు సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీ. ఆయన బాగా నీరసించారు. మేం చేసే పని ఎంత పెద్దదో, ఎన్ని ఊళ్ల ఆస్పత్రుల్లో నడుస్తోందో గొప్పగా చెప్పాను. అంతా శ్రద్ధగా విన్నారు.

"అందులో తప్పు జరిగితే ఎవరికి తెలుస్తుందమ్మా?"

"మాకు వెంటనే తెలిసిపోతుందండి. దానికి వేరే ఏర్పాటుంది."

"మీకు తెలుస్తుంది, సరే. ఆ తప్పు ఎవరి మీద పడిందో వాళ్లకి ఎవరు చెబుతారు?"

అది నేను ఎప్పుడూ ఆలోచించలేదు. ఆయన మరి రెట్టించలేదు, మా నాన్న ఆరోగ్యం గురించి అడిగారు. ఆ మరుసటి ఏడాది ఆయన పోయారు.

ఈ మధ్య మా సాఫ్ట్‌వేర్‌లో ఒక లోపం బయటపడింది. కొందరు రోగులకు డాక్టరు దగ్గరికి రావలసిన తేదీ గుర్తుచేసే మెసేజ్ వెళ్ళలేదు. రెండు తేదీలున్నవాళ్లకు రెండో తేదీ మెసేజ్ పోయింది. దిద్దేశాం. మా టీములో కొత్తగా చేరిన అమ్మాయి, సాంకేతిక కారణాల వల్ల కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామని ఒక మెసేజ్ తయారుచేసి అందరికీ పంపేయమంటారా అని అడిగింది. వద్దన్నాను. ఫోన్ నంబర్లు ఇద్దరం పంచుకుని కూర్చున్నాం. నేను చేసిన ఫోన్లలో ఒకటి భీమవరం దగ్గర ఒక పెద్దాయనకి. విషయం చెప్పి, మీకు మెసేజ్ రాకపోవడం మా తప్పేనండీ అన్నాను.

"అమ్మా, ఒక్క నిమిషం ఆగు తల్లీ," అన్నాడు ఆయన. "డాక్టరు తేదీ నేనే మర్చిపోయానని, నాకు మతిమరుపు వచ్చేసిందని మా కోడలు అనుకుంటోంది. బ్యాంకు పనులకి కూడా నన్ను పంపడం మానేశారు. నువ్వు ఇప్పుడు నాతో అన్నది ఆవిడతో కూడా ఒకసారి అంటావా?"

ఫోన్ చేతులు మారింది. నేను కుర్చీలో సరిగ్గా కూర్చుని, మొదటి నుంచీ మళ్ళీ చెప్పాను.